ఆమె వెళ్లేలోపు ఒక పెద్ద ట్రిప్ అనుకున్నాను, ఆమెకేమో ఉత్సాహం లేదు

ప్రశ్న: మాకు పెళ్లై నాలుగేళ్లు. నా భార్యకు వేరే దేశంలో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. జనవరి నెలాఖరులో వెళ్తోంది. అమ్మ ఆరోగ్యం బాగాలేక నేను వెంట వెళ్లలేను. ఈలోపు ఇద్దరమే కారులో మంచు కొండల వైపు వెళ్లాలని ప్లాన్ చేశాను. పది రోజులు, 2,800 కిలోమీటర్లు, పదకొండు చోట్లు. అన్నీ చూడాలంటే టైమ్ కలిసిరావాలి కాబట్టి నాలుగు రాత్రులు డ్రైవింగ్ పెట్టుకున్నాను. ఆమెకూ కారు నడపడం వచ్చు గానీ కొండదారుల్లో మొత్తం నేనే నడుపుతాను. తిరిగొచ్చిన మూడో రోజు తన ఫ్లైట్. ఇదంతా రాసుకున్న షీట్ చూపిస్తే, "ఇంత ఎందుకు, రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దాం" అంది. నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచీ ప్రతి చిన్నదానికీ గొడవే. మొన్న సూట్‌కేస్ ఏ సైజు కొనాలన్న దాని మీద అరుచుకున్నాం. తనకు నాతో గడపాలని లేదా? ట్రిప్ మానేయాలా? వెళ్తే చలికాలం రాత్రి డ్రైవింగ్‌లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? గదులకు అడ్వాన్సులు కూడా కట్టేశాను.

సమాధానం: వెళ్లండి. ఈ షీట్ ప్రకారం మాత్రం వెళ్లకండి.

మీ ఉత్తరంలో కిలోమీటర్లు ఉన్నాయి, చూడాల్సిన చోట్ల లెక్క ఉంది, ఎన్ని రాత్రులు బండి నడపాలో కూడా ఉంది. ఆమె వెళ్లిపోతున్నందుకు మీకెలా ఉందో మాత్రం ఎక్కడా లేదు. బాధేసిందని ఒకచోట రాశారు, అది కూడా షీట్ నచ్చనందుకు. రెండేళ్లు విడిగా ఉండబోతున్న మనిషి ఉత్తరంలో అసలు బాధకు చోటు దొరకలేదంటే, పది రోజుల్లో పదకొండు చోట్లు ఎందుకు పట్టాయో కొంత అర్థమవుతుంది. ఎక్కడా గంటసేపు ఖాళీగా కూర్చోకుండా ఉంటే ఆ మాట ఎత్తాల్సిన అవసరం రాదు. మీరు కావాలని ఇలా చేశారని అనడం లేదు. చాలామంది చేసేదే ఇది. దిగులు పడటం చేతకానివాళ్లం ప్లాన్లు బాగా వేస్తాం.

ఇక ఆమె మాట. "ఇంత ఎందుకు" అన్నది మీకు వినపడింది, వెంటనే "వెళ్లొద్దాం" అన్నది వినపడలేదు. రమ్మని అడిగింది కదా! ఉండిపోయేవాళ్లకు ఈ ఆఖరి వారాలు కలిసి గడపాల్సిన రోజులు. వెళ్లేవాళ్లకు అవే వారాల్లో ఆఫీసులో పని అప్పగించడం, కాగితాలు, బ్యాంకు పనులు, అందరి ఇళ్లకూ వెళ్లి చెప్పి రావడం, ఏ బట్టలు పట్టుకెళ్లాలి ఏవి వదిలేయాలి అన్న తర్జనభర్జన, అన్నీ ఉంటాయి. ఆ మధ్యలో పది రోజులు తీసేసి, తిరిగొచ్చాక రెండంటే రెండు రోజులు మిగిల్చారు. కారులో మీ పక్కన కూర్చుని ఆమె కొండలు చూడదు, మనసులో సామాను సర్దుతూ ఉంటుంది. మీకేమో పరధ్యానంగా ఉందనిపిస్తుంది. మళ్లీ గొడవ.

గొడవల గురించి ఒక సంగతి తెలిస్తే మీకు కాస్త తేలిక పడుతుంది. నెలల తరబడి సముద్రం మీదకు వెళ్లే అమెరికా నౌకాదళం వాళ్ల కుటుంబాల గురించి కాథ్లీన్ లోగన్ అనే ఆమె 1987లో ఒక వ్యాసం రాసింది. ఇంట్లోవాళ్లు ఏడు దశలు దాటుతారని అందులో చెప్పింది. మొదటి రెండూ ఓడ ఎక్కకముందే వస్తాయి. రాబోయే ఎడబాటు తలచుకుని చిరాకులు, కీచులాటలు మొదటిది. ఆ తర్వాత ఆఖరి రోజుల్లో ఇద్దరూ మనసులో ముందే దూరం జరిగిపోవడం రెండోది. కోపంగా ఉన్న మనిషిని వదిలి వెళ్లడం సులువు గదా. ఇలా దూరం జరిగేటప్పుడు తాము ఆ పని చేస్తున్నామని ఇద్దరికీ తెలియదు. మీ ఇంట్లో సూట్‌కేస్ దగ్గర జరిగింది ఇదే అయ్యుండొచ్చు. దాన్ని చూసి ప్రేమ తగ్గిందని తేల్చేసుకోకండి.

ఒకవేళ మీకు అసలు ఆమె వెళ్లడమే ఇష్టం లేకపోతే లెక్క వేరు. ఈ ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా, లేక అడ్డు చెబితే బాగుండదని మీరు ఊరుకున్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఊరుకుని ఉంటే, ఆ మాట బయలుదేరక ముందే ఇంట్లోనే చెప్పేయండి. "వెళ్లొద్దు" అని కాదు, "వెళ్లు, కానీ నాకు ఇలా ఉంది" అని. లోపల పెట్టుకుని బండెక్కితే మూడో రోజు ఏ చాయ్ దుకాణం దగ్గరో, ఇంకేదో మిషతో అది బయటికొస్తుంది.

అప్పుడే ఇంకొన్ని కూడా తేల్చుకోవాలి. మళ్లీ కలిసేది ఎప్పుడు, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారు? కనీసం నెలైనా అనుకోండి, తేదీ అయితే మరీ మంచిది. రెండు చోట్ల రెండు సంసారాల ఖర్చు ఎలా పంచుకుంటారు? అమ్మగారికి హఠాత్తుగా బాగోకపోతే ఆమె రావాలని మీరు అనుకుంటున్నారా, లేదా? రెండేళ్లు అయ్యాక ఆ ఉద్యోగం పొడిగిస్తామంటే? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది "అప్పుడు చూద్దాంలే" అని దాటేస్తారు. దాటేయకండి, జవాబు దొరక్కపోయినా ఇద్దరి మనసులో ఏముందో తెలుస్తుంది.

దూరంగా ఉన్నంత మాత్రాన మాటలు పలచబడవు. క్రిస్టల్ జియాంగ్, జెఫ్రీ హాన్‌కాక్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, దూరంగా ఉన్న జంటలు దగ్గరున్న జంటల కంటే మనసు విప్పి ఎక్కువ చెప్పుకోవడం కనిపించింది. అదే సమయంలో ఎదుటి మనిషిని ఉన్నదానికంటే గొప్పగా ఊహించుకోవడం కూడా. ఆ ఊహతోనే తిరిగి కలిసినప్పుడు చిక్కు వస్తుంది. లారా స్టాఫర్డ్ బృందం 2006లో పెళ్లికాని జంటలను చూసి చెప్పిందేమిటంటే, దూరం నుంచి మళ్లీ ఒకే ఊరికి వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది మూడు నెలల్లోపే విడిపోయారు. మీకు పెళ్లైంది, నాలుగేళ్లు కలిసి ఉన్నారు, ఆ అంకె మీకు వర్తించదు. కానీ వెళ్లే రోజు గురించి ఇంత ఆలోచిస్తున్న మీరు, వచ్చే రోజు గురించి కూడా కొంచెం ఆలోచించి పెట్టుకుంటే తప్పు లేదు.

ఇవన్నీ ట్రిప్‌లోనే మాట్లాడుకుంటాం, కారులో బోలెడంత టైమ్ ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తూ మాట్లాడటం ఎదురెదురుగా కూర్చోవడం కంటే సులువు. మొహం చూడక్కర్లేదు. మౌనం కూడా ఎబ్బెట్టుగా ఉండదు. అయినా ఈ మాటలకు మాత్రం నడుస్తున్న కారు పనికిరాదు. అమెరికాలో మూడున్నర వేలమందికి పైగా డ్రైవర్ల కార్లలో కెమెరాలు పెట్టి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. కోపంతోనో దుఃఖంతోనో ఏడుస్తూనో బండి నడిపేటప్పుడు ప్రమాదం జరిగే అవకాశం, నిబ్బరంగా నడిపేటప్పటి కంటే దాదాపు పది రెట్లు ఉందని అందులో తేలింది. అది మామూలు రోడ్ల మీద. మీరు వెళ్లేది మంచు కొండలకు. అందుకని ఇద్దరూ ముందే ఒక ఒప్పందం చేసుకోండి: పాటలు, పాత కబుర్లు, ఊళ్లోవాళ్ల సంగతులు బండి నడుస్తుండగా ఎన్నైనా చెప్పుకోండి. గొంతు మారిందంటే మాత్రం, ఎవరి గొంతైనా సరే, తర్వాత బండి ఆపడానికి వీలున్న చోట ఆపేయాలి. మాట పూర్తయ్యాక, కాసేపు నడిచొచ్చాక, మళ్లీ స్టీరింగ్.

ఇప్పుడు రాత్రి డ్రైవింగ్. జాగ్రత్తలు అడిగారు. వద్దు, అంతే. పగటిపూట ఎండకు కరిగిన మంచు నీళ్లు రాత్రి చలికి రోడ్డు మీద పలచటి గాజులా గడ్డకడతాయి. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. పేరుకు బ్లాక్ గానీ దానికి రంగు ఉండదు, కింద ఉన్న తారు నలుపే కనిపిస్తుంది. హెడ్‌లైట్ వెలుగులో తడి రోడ్డులా ఉంటుంది. వంతెనల మీద ముందుగా గడ్డకడుతుంది, ఎందుకంటే అక్కడ కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా చలిగాలే. ఐస్ మీద బండి ఆగడానికి పట్టే దూరం పొడి రోడ్డుతో పోలిస్తే పది రెట్ల దాకా ఉండొచ్చు. పైగా నిద్ర. డాసన్, రీడ్ అనే ఇద్దరు 1997లో చూపించారు: వరుసగా పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు సమానంగా పడిపోతుంది. ఉదయం ఆరింటికి లేచిన మీకు రాత్రి పదకొండుకే పదిహేడు గంటలు నిండుతాయి. తాగి నడపరు కదా, ఇదీ అంతే అనుకోండి.

రాత్రులు తీసేస్తే మీ 2,800 కిలోమీటర్లు ఎలాగూ కుదరవు. రోజుకు 280 అంటే కాగితం మీద చిన్నదే. ఘాట్ రోడ్డులో మంచు పడుతుంటే గంటకు ముప్పై రావడం కూడా గగనం. చలికాలంలో పగలే చిన్నది, అందులో పొద్దున పొగమంచు విడిచేదాకా కదలకూడదు. తొమ్మిది గంటల డ్రైవింగ్ పోగా చూడటానికి మిగిలేది చీకటే.

కారు విషయంలో మీకు తెలియనివి తక్కువే ఉంటాయి కాబట్టి తొందరగా చెబుతాను. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే పడిపోతే మామూలు టైర్ల రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది, కాబట్టి వెళ్లే దారిలో మంచు ఖాయమైతే వింటర్ టైర్లు గానీ, టైర్లకు చుట్టే చైన్లు గానీ ఉండాల్సిందే. చలికి టైర్లలో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది, ప్రతి ఐదారు డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్ఐ (టైర్లలో గాలిని కొలిచే లెక్క) చొప్పున. పైకి చేరాక పొద్దున బండి తీయకముందే ఒకసారి చూసుకోండి. పాత బ్యాటరీ అయితే బయలుదేరక ముందే మార్చేయండి, సున్నా డిగ్రీల దగ్గర దాని శక్తిలో మూడో వంతు పోతుంది. జారే రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని కారే నిలకడగా ఉంచే ఏర్పాటు) వద్దు. దిగుడులో బ్రేకు తొక్కుతూ కూర్చోకుండా తక్కువ గేరులో దిగండి. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, లో బీమ్ ఉంచండి. లావుపాటి జాకెట్ మీద సీటు బెల్టు పెట్టుకుంటే లోపల వదులు మిగిలిపోతుంది, అది విప్పి బెల్టు పెట్టుకుని, పైన కప్పుకోండి.

ఒక్కటి మాత్రం నిదానంగా చదవండి. మంచులో బండి ఇరుక్కుపోతే వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచుకుని లోపల కూర్చోవడం అందరూ చేసే పని. వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది, ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు. ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసేయాలి, ఒక అద్దం కాస్త దించాలి, ఇంజన్ గంటకు పది నిమిషాలే వేయాలి. దుప్పట్లు, నీళ్లు, తినడానికి ఏదైనా, టార్చి, నిండా చార్జింగ్ ఉన్న పవర్ బ్యాంకు డిక్కీలో కాదు, చేతికందేలా వెనక సీట్లో పెట్టుకోండి.

ఇక స్టీరింగ్ ఆమెకు ఇవ్వండి. మొత్తం మీరే ఎందుకు నడపాలి? రెండు గంటలు మీరు, రెండు గంటలు ఆమె. అలసట తగ్గుతుందన్నది ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, మీరు వేసిన ప్లాన్‌లో, మీరు నడిపే కారులో, మీరు ఎంచుకున్న చోట్లకు ఆమె పది రోజులు పక్క సీట్లో కూర్చుని రావాలి. తెలియని దేశానికి ఒంటరిగా వెళ్లి సంసారం పెట్టబోతున్న మనిషి ఆమె. ఘాట్ రోడ్డులో మొదట మీ కాలు ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూనే ఉంటుంది, ఓర్చుకోండి.

పది రోజుల ట్రిప్‌ను కుదిస్తే జ్ఞాపకాలు తక్కువైపోతాయేమోనన్న భయం మీకు ఉంటుంది. దానికి నేను చెప్పే జవాబు కాస్త విడ్డూరంగా ఉంటుంది, చలికాలానికి తగ్గట్టే ఉంటుంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు కొందరిని పిలిచి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో నిమిషంపాటు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, ఆ పైన మరో ముప్పై సెకన్లు పెట్టించారు. ఆ ముప్పై సెకన్లలో నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. రెండింట్లో ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు. ఎక్కువసేపు చలికి ఓర్చుకోవడానికి ఒప్పుకున్నారన్నమాట, చివర కాస్త నయంగా ఉందన్న ఒక్క కారణంతో. మనసు నిడివి లెక్కపెట్టదు, బలంగా తగిలిన ఘడియను, ముగిసిన తీరును పట్టుకుంటుంది. ప్రయోగశాలలో చన్నీళ్లు వేరు, మీ ఇద్దరి ప్రయాణం వేరు, ఒప్పుకుంటాను. అయినా మీ షీట్ ఎలా ముగుస్తుందో చూడండి: పదో రోజు రాత్రంతా డ్రైవింగ్, ఇంటికి రాగానే బట్టలు ఉతుక్కోవడం, మూడో రోజు విమానాశ్రయం. ఇద్దరికీ గుర్తుండేది ఆ ఒళ్లు నొప్పులూ ఆ హడావిడీ.

అందుకే నా మాట ఇది. నాలుగు రోజులు. ఒకే ఊరు, మహా అయితే రెండు. పగటిపూట ఐదారు గంటల్లో చేరుకునేంత దూరం. ఒక రోజు ఎలా గడపాలో పూర్తిగా ఆమె చెప్పాలి, మీరు నోరెత్తకూడదు, ఆమె పగలంతా పడుకుంటానన్నా సరే. ఇంకో రోజుకు అసలు ప్లానే ఉండకూడదు. (సూర్యోదయం ఫోటో కోసం సెలవుల్లో పెళ్లాన్ని ఐదింటికి నిద్రలేపే మొగుళ్ల గురించి నాకొక అభిప్రాయం ఉంది, ఇక్కడ రాయను.) తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. తర్వాత ఫ్లైట్‌కు కనీసం వారం ఖాళీ ఉండాలి. ఆ వారంలో సామాను సర్దడంలో ఆమెతో పాటు కూర్చోండి. నిజం చెప్పాలంటే మీరు ఆశించిన దగ్గరితనం కొండల మీద కంటే ఆ సూట్‌కేస్ దగ్గరే ఎక్కువ దొరకవచ్చు.

ఆ షీట్‌ను పారేయకండి, మీకు అది వేరే పనికి కావాలి. లోగన్ చెప్పిన మూడో దశ వెళ్లాక వస్తుంది, ఇంట్లో ఉండిపోయినవాళ్లకు నిద్ర పట్టదు, దినచర్య చెదిరిపోతుంది, చిన్న పని కూడా తోచదు. ఆమె వెళ్లిన మొదటి నెల మీరు ఏ సాయంత్రం ఏం చేస్తారు, ఎవరిని కలుస్తారు, అమ్మగారి డాక్టరు అపాయింట్‌మెంట్లు ఎప్పుడు, రాత్రి భోజనం ఏమిటి, ఆమెతో ఏ టైమ్‌కు మాట్లాడతారు, అన్నీ ఆ గళ్లలో నింపండి. కొత్త చోట ఆమెకు మొదటి నెల ఊపిరి సలపదు. ఫోన్ ఆలస్యమైన ప్రతిసారీ మీరు ఖాళీగా కూర్చుని లెక్కలు కట్టకుండా ఉండటానికి అది ఉపయోగపడుతుంది.

అడ్వాన్సుల సంగతి మిగిలింది. చాలాచోట్ల కొన్ని రోజుల ముందు రద్దు చేస్తే డబ్బు పూర్తిగానో కొంతైనానో వెనక్కి ఇస్తారు, గడువు దాటితే ఇవ్వరు, కాబట్టి ఈ రాత్రే ఒక్కొక్కదాని నిబంధనలు చూడండి. పోయేది కొంత పోనివ్వండి. కాకపోతే అన్నీ మీరొక్కరే కూర్చుని రద్దు చేయకండి. పదకొండు చోట్ల జాబితా ఆమె చేతికిచ్చి ఏది ఉంచమంటుందో అడగండి. మీకు అంతగా ముఖ్యం కాదనిపించిన ఊరినే ఆమె ఎంచుకోవచ్చు, అప్పుడు మారుమాట లేకుండా అక్కడికే వెళ్లండి.